గ్యాంగ్‌టక్ కుర్రాళ్ల హార్డ్ రాక్ ఇటలీ దాకా ఎలా వెళ్లింది?

మీ ప్రశ్న: "మా తమ్ముడు ఒంగోలులో స్నేహితులతో కలిసి హార్డ్ రాక్ బ్యాండ్ పెట్టాడు. ఇంట్లో అందరూ టెన్షన్ పడుతున్నారు. చిన్న ఊరి నుంచి ఇలాంటి బ్యాండ్ పైకి రావడం మన దేశంలో జరిగే పనేనా?"

జరిగే పనేనండీ. హార్డ్ రాక్ అంటే ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్ హోరెత్తించే పాశ్చాత్య సంగీతం. నేను ఇంజనీరింగ్ చదివింది సిక్కింలో, రంగ్‌పో దగ్గరి మజితార్‌లో. సెలవు దొరికితే చాలు, షేర్ జీపెక్కి రాజధాని గ్యాంగ్‌టక్ వెళ్లిపోయేవాళ్లం. గిరీష్ అండ్ ది క్రానికల్స్ అనే బ్యాండ్‌ను నేను మొదటిసారి విన్నది అక్కడే. అప్పటిదాకా నాకు తెలిసిన స్టేజి ప్రోగ్రామ్ అంటే వినాయక చవితి పందిట్లో వాయించే ఆర్కెస్ట్రానే. గిరీష్ ప్రధాన్ గొంతు పైస్థాయికి వెళ్లి, గరగరలాడుతూ అక్కడే నిలబడి, శ్రుతి మాత్రం వెంట్రుకవాసి కూడా తప్పకపోవడం చూసి నోట మాట రాలేదు. అతని సోదరుడు యోగేష్ బేస్ గిటార్, సూరజ్ కర్కి లీడ్ గిటార్. ఆ రోజు నుంచి వాళ్ల ప్రయాణాన్ని వదలకుండా గమనిస్తూనే ఉన్నాను.

2011 జనాభా లెక్కల ప్రకారం గ్యాంగ్‌టక్ జనం సుమారు లక్ష. మీ ఒంగోలులో సగం అనుకోండి. రైలు లేదు. న్యూ జల్పాయ్‌గురిలో దిగి, తీస్తా నది పక్కనే కొండ రోడ్డులో గంటల తరబడి ప్రయాణం చేయాలి. వానాకాలంలో కొండచరియలు విరిగిపడితే ఆ రోడ్డూ మూతపడుతుంది. ముంబైలోనో బెంగళూరులోనో ఒక్క ప్రోగ్రామ్ చేయాలన్నా గిటార్లు, సామాను మోసుకుని ముందు ఆ ఘాట్ దిగాల్సిందే.

అయితే ఆ కొండల్లో మన దగ్గర లేనిది ఒకటుంది. డార్జిలింగ్, కాలింపాంగ్, గ్యాంగ్‌టక్ వైపు గిటార్ ఉన్న ఇళ్లు చాలా కనిపిస్తాయి. స్కార్పియన్స్, గన్స్ ఎన్ రోజెస్ లాంటి విదేశీ రాక్ బ్యాండ్ల పాటలు కుర్రాళ్లకు నోటికి వచ్చు. నేపాలీ భాషలోనూ రాక్ పాటలకు మంచి ఆదరణ ఉంది. అంటే, బ్యాండ్ స్టేజి ఎక్కేసరికి ఆ సంగీతం ఏమిటో తెలిసిన జనం ముందే నిలబడి ఉంటారు. వాళ్ల ముందు తప్పుగా వాయిస్తే వెంటనే తెలిసిపోతుంది. బ్యాండ్లు అక్కడే రాటుదేలతాయి. ఒంగోలులోనో నంద్యాలలోనో ఆర్కెస్ట్రా వాళ్లు ఘంటసాల పాటను ఒక్క గమకం తేడా వచ్చినా పట్టేసే పెద్దల ముందు పాడి గట్టిపడినట్టే ఇదీ.

2009లో మొదలైన ఈ బ్యాండ్ తొలి ఆల్బమ్ 'బ్యాక్ ఆన్ ఎర్త్' 2014లో వచ్చింది. రెండోది 'రాక్ ది హైవే' 2020లో. మధ్యలో ఆరేళ్లు. ఎదిగే బ్యాండ్‌కు అది చాలా పెద్ద విరామం. బయటివాళ్లకు ఏమీ జరగనట్టు కనిపించే ఇలాంటి కాలంలోనే చాలా బ్యాండ్లు విడిపోతాయి. మా కాలేజీ బ్యాండ్ అయితే చదువు అయిపోగానే ఎవరి ఉద్యోగం వాళ్లు చూసుకోవడంతో ఆగిపోయింది. వీళ్లు ఆగలేదు. పైగా వాళ్లు పట్టుకున్నది 1980ల నాటి హార్డ్ రాక్. అమెరికాలో ఆ శైలి 1991 తర్వాత గ్రంజ్ అనే కొత్త రాక్ శైలి దెబ్బకు వెనక్కి పోయింది. ఫ్యాషన్‌ను చూసి పాట మార్చుకునేవాళ్లయితే దాన్ని ఎప్పుడో వదిలేసేవాళ్లు.

నా అభిప్రాయంలో వాళ్లను గెలిపించింది ఆ పట్టుదలే. ఈ సంగీతానికి ఏ ఒక్క ఊళ్లోనూ పెద్ద మార్కెట్ లేదు. కానీ జర్మనీలో కొందరు, జపాన్‌లో కొందరు, బ్రెజిల్‌లో కొందరు ఇప్పటికీ డబ్బు పెట్టి ఆల్బమ్‌లు కొంటారు. అందరినీ కలిపితే ఒక బ్యాండ్ బతకడానికి సరిపోయే లెక్క అవుతుంది. ఇటలీలోని నేపుల్స్‌లో 1996లో పెట్టిన ఫ్రాంటియర్స్ అనే రికార్డు కంపెనీ నడిచేది సరిగ్గా ఈ శ్రోతల మీదే. గిరీష్ బ్యాండ్ మూడో ఆల్బమ్ 'హెయిల్ టు ది హీరోస్'ను 2022లో విడుదల చేసింది ఆ కంపెనీయే. తన పాత శ్రోతలు కోరుకునే గొంతు సిక్కింలో ఉంటే సిక్కింలోనే వెతికి పట్టుకుంది.

గిరీష్ గొంతుకు విడిగానూ పేరొచ్చింది. ల్యాంబ్ ఆఫ్ గాడ్ అనే అమెరికన్ మెటల్ బ్యాండ్ మాజీ డ్రమ్మర్ క్రిస్ ఆడ్లర్, అలాంటిదే అయిన మెగాడెత్ బ్యాండ్‌లో బేస్ వాయించిన జేమ్స్ లొమెంజోలతో కలిసి 2020లో ఫస్ట్‌బోర్న్ అనే బ్యాండ్‌లో పాడాడు. 2024లో, 1980ల అమెరికన్ హార్డ్ రాక్ బ్యాండ్ డాకెన్ మాజీ గిటారిస్టు జార్జ్ లించ్, మాజీ బేసిస్టు జెఫ్ పిల్సన్‌ల ది ఎండ్ మెషీన్ బ్యాండ్ ఆల్బమ్‌కు గాయకుడు అతనే. ఎవరి పాటలు వింటూ పెరిగాడో ఆ తరం వాళ్లే పిలిచి మైకు చేతికిచ్చారు! ఆ వార్త చదివిన రోజు నా మనసు ఎంత పొంగిపోయిందో చెప్పలేను.

ఇక మీ తమ్ముడి సంగతి. మన ఊళ్లలో హార్డ్ రాక్ కోసం టికెట్ కొనే జనం చాలా తక్కువ, అది నిజం. కాబట్టి ఖర్చులకు ఆర్కెస్ట్రాలోనో, పెళ్లి రిసెప్షన్లలోనో వాయించమనండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. చేయీ తిరుగుతుంది, డబ్బూ వస్తుంది. కానీ వారంలో ఒక పూట పూర్తిగా సొంత పాటలకే పెట్టాలి. ఇతరుల పాటలు ఎంత బాగా పాడినా, కంపెనీ ఆల్బమ్ అడిగేది సొంత పాటలున్న వాళ్లనే. ఆంపులు, పెడల్స్ అంటూ ఖరీదైన సామాను కొనే బదులు, ఆ డబ్బుతో ఒక పాటనైనా మంచి స్టూడియోలో డ్రమ్స్ సరిగ్గా రికార్డు చేయించుకోవడం మేలు. ఈ సంగీతంలో డ్రమ్స్ పలచగా వినిపిస్తే ఎంత మంచి గొంతైనా తేలిపోతుంది. పాట పూర్తయ్యాక మన దగ్గరి టీవీ ఛానళ్ల చుట్టూ తిరగొద్దనండి. నేరుగా యూరప్‌లోని హార్డ్ రాక్ రికార్డు కంపెనీలకు మెయిల్ పెట్టమనండి. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం ముందే చెప్పండి, ఇది రెండు మూడేళ్లలో తేలే వ్యవహారం కాదని. గ్యాంగ్‌టక్ వాళ్లకు మొదలుపెట్టిన దగ్గర నుంచి ఇటలీ కంపెనీ ఆల్బమ్ దాకా పదమూడేళ్లు పట్టింది.