చింతాకులు రాత్రి ముడుచుకునేది చీకటి పడినందుకేనా?

చీకటి ఒక్కటే కారణం కాదండీ, చెట్టు లోపలే ఒక గడియారం నడుస్తుంటుంది. 1729లో ఫ్రాన్స్‌లో ద మేరాన్ అనే శాస్త్రవేత్త అత్తిపత్తి లాంటి మొక్కని ఎండ తగలని చోట పెట్టేశాడు, అయినా అది పగలు ఆకులు విప్పుకుంటూ సాయంత్రానికి ముడుచుకుంటూనే ఉంది. నాకైతే 1832లో ద కాండోల్ అనే వృక్షశాస్త్రవేత్త గమనించింది ఇంకా ఇష్టం, వెలుతురు మారకుండా ఉంచితే ఈ చక్రం 24 గంటలు కాదు, 22-23 గంటలకే తిరిగొస్తోంది, అంటే బయటి నుంచి ఏ సిగ్నలూ అందట్లేదు, అది మొక్క సొంత టైమే! రోజూ వచ్చే ఎండ దాన్ని సరిచేస్తుంటుంది, మనం వాచీలో టైం సరిపెట్టుకున్నట్టు.

గడియారం అంటే లోపల ముళ్లేం ఉండవు, జీన్లే. అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగలు ఉంటాయి కదా, వాటిలో పీరియడ్ అనే జీన్ ఒక ప్రోటీన్ తయారుచేయిస్తుంది, అది రాత్రి పోగుపడి చివరికి తన జీన్‌నే ఆపేస్తుంది, తర్వాత అది కరిగిపోగానే మళ్లీ మొదలు, ఒక రౌండుకి దాదాపు 24 గంటలు. హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకి 2017 నోబెల్ వచ్చింది ఈ పనికే. మొక్కల్లో జీన్లు వేరు, పద్ధతి ఇలాంటిదే. మనకి మెదడులో సుమారు 20 వేల న్యూరాన్ల (నరాల కణాల) గుంపు ఈ డ్యూటీ చేస్తుంది, అది పగలు మేలుకోమనే చెప్తుంటుంది, అందుకే నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లకి పగలు ఎంత అలసటగా ఉన్నా నిద్ర సరిగ్గా పట్టదు.