పేరు పేరునా ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా కౌంటీలో ఇల్లు లేని మాజీ సైనికులు ఇక లేరని ప్రకటించారు. ఆ వారమే లైబ్రరీ బయట ఒకాయన 'వెటరన్' అని రాసిన అట్టముక్క పట్టుకుని కూర్చున్నాడు. మరి ఆ ప్రకటన అబద్ధమేనా? (న్యూజెర్సీ పాఠకురాలు)

జవాబు: అబద్ధం కాదు. కాకపోతే ఆ సున్నా మనం బడిలో నేర్చుకున్న సున్నా కాదు. దాన్ని 'ఫంక్షనల్ జీరో' అంటారు. రేపు ఉద్యోగం పోయో, కాపురం చెడో ఇంకొకరు వీధిన పడకుండా ఏ కౌంటీ ఆపలేదు. పడ్డవారిని ఎంత త్వరగా ఇంట్లోకి చేరుస్తున్నారన్నదే ఇక్కడ కొలత. ఊళ్లలో ఇల్లు లేనితనాన్ని అంతం చెయ్యడానికి 2015లో మొదలైన 'బిల్ట్ ఫర్ జీరో' ఉద్యమం లెక్క ప్రకారం, ఉదాహరణకు నెలకు సగటున 8 మంది మాజీ సైనికులకు ఇల్లు చూపించే ఊళ్లో ఇంకా ఇల్లు దొరకనివారు అంతకంటే తక్కువే ఉండాలి. దీర్ఘకాలంగా వీధిలోనే ఉన్నవారి ('క్రానిక్' అంటారు) విషయంలో గీత ఇంకా కింద ఉంటుంది: ముగ్గురి కంటే తక్కువ. పెద్ద ఊరైతే, ఇల్లు లేనివారి మొత్తం సంఖ్యలో వెయ్యికి ఒకరు. మీ రాష్ట్రంలోని బెర్గెన్ కౌంటీ, ఇలినాయ్‌లోని రాక్‌ఫోర్డ్ 2017 నాటికే ఈ రెండు గీతలూ దాటాయి.

అమెరికా మొత్తం మీద 2010లో 74 వేలకు పైగా ఉన్న ఇల్లు లేని మాజీ సైనికుల సంఖ్య 2024 జనవరి లెక్కకు 32,882కి దిగింది. అదే లెక్కలో అందరూ కలిపి 7,71,480 మంది తేలారు. అప్పటిదాకా అంత ఎప్పుడూ లేదు. అంటే డబ్బూ, వోచర్లూ (ప్రభుత్వ అద్దె సాయం పత్రాలు), ఇల్లు లేనివారి పేర్ల జాబితా కలిసి వచ్చినచోట పని జరిగిందన్నమాట.

ఇక లైబ్రరీ దగ్గరి మనిషి సంగతి. చెయ్యి చాచినవారందరూ ఇల్లు లేనివారని కాదు. అట్టను చూసి తేల్చుకోవద్దు. రాత్రి ఎక్కడ పడుకుంటున్నారో అడగండి. ఇల్లు లేదంటే మాజీ సైనికుల వ్యవహారాల శాఖ (వీఏ) నడిపే 877-424-3838 నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. మీరే పక్కన ఉండి ఫోన్ కలిపి ఇవ్వండి. ఉత్త నంబరు రాసిచ్చిన చీటీ సాయంత్రానికే పోతుంది.

ప్రశ్న: జనవరిలో ఇల్లు లేనివారిని లెక్కపెట్టే ఒక రాత్రి లెక్కకు మేమూ వెళ్లాం. అది ఉండగా మళ్లీ పేర్ల జాబితా దేనికి?

జవాబు: జనవరి చివరి పది రోజుల్లో ఒక రాత్రి తీసే లెక్క ఫొటో లాంటిది. ఎంతమంది అన్నది చెబుతుంది, ఎవరో చెప్పదు. పేర్ల జాబితాలో మనిషికో వరుస ఉంటుంది: పేరు, పడుకునే చోటు, సైన్యంలో చేశారా లేదా, మొదట కలిసిన తేదీ, చేతిలో ఏ కాగితాలున్నాయి, ఏవి లేవు, ఎవరు చూసుకుంటున్నారు, తర్వాత ఏం చెయ్యాలి, ఎప్పటిలోగా. వారానికో, రెండు వారాలకో అన్ని సంస్థలవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆ వరుసలు చదువుతారు. ఎదురుగా పేరు లేని పని ఎవరూ చెయ్యరు. ఈ సమావేశాలు నేర్పే పాఠం అదొక్కటే అనుకోండి.

జాబితా సరిగా ఉందో లేదో చూడటానికి కిరాణా కొట్టు పద్దు చాలు. పోయిన నెల సంఖ్యకు కొత్తగా వచ్చినవారిని, తిరిగి వచ్చినవారిని కలపండి. ఇల్లు దొరికినవారిని, ఆచూకీ లేనివారిని తీసేయండి. ఈ నెల సంఖ్య రావాలి. రాకపోతే రెండు చోట్ల వెతకండి. ఒకే మనిషి రెండు స్పెల్లింగులతో రెండుసార్లు ఎక్కి ఉండొచ్చు (మన ఇంటిపేర్లతో పడే తంటాలు తెలిసినవారికి ఇది కొత్త కాదు). లేదా నెలల తరబడి కనబడని మనిషి ఇంకా వరుసలో ఉండొచ్చు. చాలాచోట్ల 90 రోజులు చూసి 'కనబడటం లేదు' అనే పక్క జాబితాకు మారుస్తారు, చెరిపేయరు. తిరిగి వచ్చినవారిని 'కొత్త' కింద రాయడం పెద్ద తప్పు. ఇచ్చిన ఇల్లు ఎందుకు నిలబడలేదన్న ప్రశ్న అక్కడే మాయమవుతుంది.

ఒక మనవి: ఈ పేర్లు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. సంతకం చేసిన సమ్మతి లేకుండా ఒకరి పేరు, జబ్బు, పడుకునే చోటు బయటికి పోకూడదు.

ప్రశ్న: ఆదివారాలు వంట వడ్డించే చోట ఇల్లు లేని ఒకాయన కోసం ఉత్తరం రాసివ్వమని కేస్ మేనేజర్ (ఆయనకు ఇల్లు చూసే ఉద్యోగి) అడిగారు. ఏం రాయాలి?

జవాబు: ఆయన 'క్రానిక్' అని నిరూపించడానికి అడిగారు. ఫెడరల్ గృహ శాఖ (హడ్) నిబంధన ప్రకారం వైకల్యం ఉండాలి. దాంతోపాటు వీధిలోనో, షెల్టర్‌లోనో వరుసగా 12 నెలలు గడిపి ఉండాలి, లేదా మూడేళ్లలో కనీసం నాలుగు విడతలు కలిపి 12 నెలలు అవ్వాలి. మధ్యలో వరుసగా 7 రాత్రులు మరోచోట ఉంటే ఒక విడత అక్కడితో ఆగినట్టు. స్నేహితుడి సోఫా మీద పడుకున్నా, సొంత డబ్బుతో మోటెల్‌లో దిగినా అంతే. వీధి నుంచే ఆస్పత్రికో, జైలుకో వెళ్లి 90 రోజుల్లోపు బయటపడితే మాత్రం ఆ రోజులు కూడా లెక్కలోకే వస్తాయి.

మామూలుగా ఆ 12 నెలల్లో కనీసం 9 నెలలకు మూడో మనిషి సాక్ష్యం కావాలి. మిగిలిన 3 నెలలకు ఆయన మాటే చాలు. నెలలో ఒక్కరోజు చూసినట్టు రాసినా ఆ నెలంతా లెక్కే. అందుకే మీ ఉత్తరం విలువైనది. 'చాలా మంచివారు, ఎన్నేళ్లుగానో కష్టాల్లో ఉన్నారు' అని రాస్తే ఫైలులో ఎందుకూ కొరగాదు. 'ఫలానా నెల ఫలానా తేదీన ఫలానా వంతెన కింద దుప్పటితో పడుకుని ఉండగా చూశాను' అని నెలకొక వాక్యం రాయండి. కింద పేరు, హోదా, ఫోన్, సంతకం, తేదీ. చూడని నెల రాయకండి.

ఆయన్ను ఎక్కడికైనా చేర్చేముందు కేస్ మేనేజర్‌ని ఒక మాట అడగండి. తాత్కాలిక బస అయిన ట్రాన్సిషనల్ హౌసింగ్‌లో చేరితే 'క్రానిక్' హోదా పోవచ్చు. అద్దె సాయంతో నడిచే ర్యాపిడ్ రీహౌసింగ్‌లో పోదు. మంచి మనసుతో చేసిన ఏర్పాటే మనిషిని శాశ్వత ఇంటి వరుసలోంచి తప్పించే చోటు ఇది.

ప్రశ్న: మా సంఘం తరఫున సాయం చేస్తున్న మాజీ సైనికుడి చేతిలో వోచర్ ఉంది, మూడు నెలలైనా ఇల్లు దొరకలేదు. (డాలస్)

జవాబు: హడ్-వాష్ (హడ్, వీఏ కలిసి మాజీ సైనికులకు ఇచ్చే అద్దె సాయం) వోచర్‌తో ఇల్లు వెతకడానికి కనీసం 120 రోజులు ఇస్తారు. గడువు దగ్గరపడకముందే పొడిగింపు అడగండి, అయిపోయాక అడిగితే తలనొప్పి. అద్దెలో ఆయన వాటా సర్దుబాటు చేసిన ఆదాయంలో సుమారు 30 శాతం, మిగతాది హౌసింగ్ ఏజెన్సీ యజమానికి నేరుగా చెల్లిస్తుంది.

ఆగేది అద్దె దగ్గర కాదు, దాని ముందు. దరఖాస్తు ఫీజులు, డిపాజిట్, పాత ఖాళీ చేయింపు కేసు, క్రెడిట్ స్కోరు. డిపాజిట్‌కు ఎస్ఎస్‌వీఎఫ్ పథకం (మాజీ సైనికుల కుటుంబాలకు వీఏ ఇచ్చే ఇంటి సాయం) డబ్బు ఇవ్వగలదు. స్కోరు గురించి మాట్లాడాల్సింది యజమానితో. మన సంఘాల్లో అద్దె ఇళ్లున్నవారు తక్కువేం కాదు, ముందు వారినే అడగండి. తనిఖీలో ఇల్లు పోయేది తరచూ చిన్నవాటికే: మోగని పొగ అలారం, మూత లేని కరెంటు ప్లగ్గు, గడియ పడని కింది అంతస్తు కిటికీ. తనిఖీవాళ్లు రాకముందే ఎవరైనా ఒక గంట కేటాయించి చూసుకుంటే వారాలు మిగులుతాయి.

తాగుడు మానితేనే ఇల్లు అన్న షరతు పెట్టాలా అని చాలామంది అడుగుతుంటారు. 1992లో న్యూయార్క్‌లో 'పాత్‌వేస్ టు హౌసింగ్' మొదలుపెట్టిన 'ముందు ఇల్లు' పద్ధతి వద్దంటుంది. మేమూ అదే అంటాం. తలుపుకు గడియ లేని మనిషి మందులు వేళకు వేసుకోలేడు. అయితే 2025 జూలై నాటి అధ్యక్ష ఉత్తర్వు ఈ పద్ధతికి ఫెడరల్ మద్దతు ఉపసంహరించమంటోంది. మీకు వచ్చే నిధికి ఇప్పుడు ఏ షరతు ఉందో ఈ నిధులు చూసే స్థానిక కూటమి కంటిన్యువమ్ ఆఫ్ కేర్‌ని అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: ఒక మాజీ సైనికుడు డీడీ-214 (సైన్యం నుంచి విడుదల కాగితం) పోగొట్టుకున్నారు. పైగా గౌరవప్రదమైన డిశ్చార్జ్ కాదు. ఇక దారి లేనట్టేనా?

జవాబు: ఉంది. వీఏవాళ్లు తమ రికార్డుల్లో అర్హత చూడగలరు, కాగితం వచ్చేదాకా ఆగకండి. ఈలోగా సైనిక రికార్డు నకలు అడిగే ఎస్ఎఫ్-180 ఫారం పంపించండి. డిశ్చార్జ్ 'అదర్ దేన్ ఆనరబుల్' (గౌరవప్రదం కానిది) అన్నంత మాత్రాన ఎస్ఎస్‌వీఎఫ్, హడ్-వాష్ తలుపులు మూసుకోవు. 'డిసానరబుల్' (సైనిక కోర్టు శిక్షగా పడేది) అయితే మూసుకుంటాయి. ఈ రెండు మాటలకూ తేడా తెలియక దరఖాస్తే పెట్టనివారు ఎక్కువ.