మనిషిగా నేనెంత మారానో తెలుసుకోవడానికి ఫోన్, యాప్‌లు పనికొస్తాయా?

పనికొస్తాయి. కాకపోతే ఫొటోల కంటే రాతలు, వాయిస్ రికార్డింగులే మేలు. జ్ఞాపకాన్ని అంతగా నమ్మలేం. అప్పటి అభిప్రాయాలను ఇప్పటివాటికి తగ్గట్టు సర్దేస్తుంది. పైగా 2013లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం క్వాయిడ్‌బాక్, గిల్బర్ట్, విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 19,000 మందికి పైగా అడిగి చూస్తే, అన్ని వయసులవాళ్లూ గత పదేళ్లలో చాలా మారామన్నారు, రాబోయే పదేళ్లలో మాత్రం పెద్దగా మారమనుకున్నారు! అందుకే ఇవాళ్టి మాటను ఇవాళే, తేదీ వేసి దాచుకోవాలి. ఫ్యూచర్‌మీ సైట్‌లో మీకు మీరే రాసుకున్న ఉత్తరం, మీరు కోరిన తేదీకి ఈమెయిల్‌లో వస్తుంది. ఇప్పుడు దేనికి భయపడుతున్నారో, ఎవరి మెప్పు కోసం తాపత్రయపడుతున్నారో అందులో రాయండి.

ఫోన్ తనంతట తాను చూపించే పాత ఫొటోలు నాకంత నచ్చవు, అన్నీ నవ్వు ముఖాలే. విడాకులో, ఆప్తుల మరణమో దాటినవాళ్లకైతే టెన్షన్ కూడా. గూగుల్ ఫొటోస్ సెట్టింగ్స్‌లో ఫలానా వ్యక్తినీ, తేదీలనూ కనిపించకుండా చేసుకోవచ్చు.