కరెంటు అనే ఒక్క మాటతో సరిపెట్టకు

అనంతపురం

నాయనా,

బోరు మోటార్లు ఎందుకు కాలిపోతాయో చెబుతూ నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఇక్కడి రైతుకు అక్కరకొచ్చే విషయం. కానీ మూడో పేరాలో మోటారులోని తీగ చుట్ల గురించి "కరెంటు తక్కువొచ్చి వైండింగు కాలిపోయింది" అని రాశావు. రైతు నోట ఆ మాట ఒప్పే. నువ్వు రాస్తే మాత్రం తప్పు.

మన వాడుకలో కరెంటు నాలుగు పనులు చేస్తుంది. "కరెంటు పోయింది" అంటే సరఫరా ఆగింది. "కరెంటు తక్కువుంది" అంటే వోల్టేజీ, అదే కరెంటును తోసే ఒత్తిడి, పడింది. "కరెంటు ఎక్కువ కాల్చాం" అంటే యూనిట్లు. "కరెంటు కొట్టింది" అన్నదొక్కటే శాస్త్రం చెప్పే కరెంటుకు దగ్గర, ఒంట్లోంచి పారింది అదే గనక. ఏది రాస్తున్నావో తేల్చుకోకుండా వాక్యం మొదలుపెట్టకు.

నీ మోటారు సంగతే చూడు. త్రీఫేజు (మూడు తీగల సరఫరా) 415 వోల్టుల దగ్గర 5 హెచ్‌పీ మోటారు సుమారు 8 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. వోల్టేజీ 340కి పడినా పైకి తోడాల్సిన నీళ్ల బరువు తగ్గదు. అదే పని చేయడానికి మోటారు 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంటే తక్కువైంది వోల్టేజీ, పెరిగింది కరెంటు. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 8కి 10 అయితే వేడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వైండింగు కాలేది అందుకు. దీన్ని ఆపడానికే మోటారును నడిపే స్టార్టరు పెట్టెలో, కరెంటు హద్దు దాటితే సరఫరా తెంచే ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. మాటిమాటికీ ట్రిప్పవుతోందని దాని సెట్టింగు పెంచేయడమే చాలాచోట్ల జరిగే పొరపాటు. మోటారు నేమ్‌ప్లేటు మీదున్న ఆంపియర్లకు మించి పెట్టకూడదని తప్పక రాయి.

ఈ అంకెలు పుస్తకంలోంచి ఎత్తిరాయకు. ఎలక్ట్రీషియన్ని తోడు పెట్టుకుని టాంగ్‌టెస్టరుతో, అంటే తీగను దవడల మధ్య పట్టి కరెంటు కొలిచే మీటరుతో, కొలిపించు, స్టార్టరు నువ్వు తెరవకు. దవడల మధ్య ఒక్క ఫేజు తీగే ఉండాలి. మూడూ కలిపి పట్టిస్తే మోటారు తిరుగుతున్నా మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది. ఎందుకంటే అది కొలిచేది తీగ చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని. మూడు ఫేజుల క్షేత్రాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం చూశాడే, ఆ సంగతే ఇక్కడ పనిముట్టయింది. విద్యుత్తుకూ అయస్కాంతానికీ ఉన్న చుట్టరికం చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు నీకు దొరకదు.

పిల్లల కోసం మేకును అయస్కాంతం చేసే ప్రయోగం కూడా పెట్టావు, బాగుంది. కొలతలే లేవు. నాలుగంగుళాల ఇనుప మేకు, 26 గేజు ఎనామిల్ పూత వేసిన రాగి తీగ మూడు మీటర్లు, వంద చుట్లు, ఒకటిన్నర వోల్టుల సెల్లు అని రాయి. కొసల్లో ఎనామిల్ గీకకపోతే అసలు పనిచేయదు. పది సెకన్లు మించి ఉంచితే తీగ, సెల్లు రెండూ వేడెక్కుతాయి. వైండింగు షాపులో పారేసిన కాలిన తీగ తెచ్చుకోవద్దని చెప్పు. ఎనామిల్ పోయిన చుట్లు ఒకదానికొకటి తగిలితే కరెంటు అడ్డదారి పడుతుంది.

"విద్యుత్తు కాలువ నీళ్లలా పారుతుంది" అన్న పోలిక ఒక్క వాక్యం వరకే నిలుస్తుంది. ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) తీగలో ఎలక్ట్రాన్లు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయంతే. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం నుంచి అవి నడిచి రావు. శక్తి మాత్రం తీగ వెంట, దాని చుట్టూ ఉన్న క్షేత్రాల్లో వస్తుంది.

ఆ క్షేత్రాలే తీగను వదిలి తరంగాలైతే రేడియో. కడప ఆకాశవాణి మీడియం వేవు 900 కిలోహెర్ట్‌జ్, అంటే సెకనుకు 9 లక్షల ఊపులు. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. దాన్ని 9 లక్షలతో భాగిస్తే తరంగం పొడవు 333 మీటర్లు. 900 మెగాహెర్ట్‌జ్ సెల్ సిగ్నలుకైతే 33 సెంటీమీటర్లే. మన ఎండా ఆ జాతిదే, తరంగం ఇంకా చాలా పొట్టిది. ఎక్స్‌రేతో సహా వీటన్నిటినీ రేడియేషన్ అనే అంటారు, కాబట్టి ఆ మాట వాడినప్పుడల్లా ఏ రకమో చెప్పు. సెల్ సిగ్నలునూ ఎక్స్‌రేనూ ఒకే వాక్యంలో కలిపి జనాన్ని భయపెట్టకు.

మూడో పేరా తిరిగి రాసి పంపు. వోల్టులూ ఆంపియర్లూ పక్కపక్కనే ఉండాలి, కొలిచిన సమయం కూడా వేయి. ఒక్క మోటారే నడుస్తున్నప్పటి రీడింగూ, ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద పది మోటార్లు ఆడుతున్నప్పటి రీడింగూ ఒకటి కావు.