చివర్లో దూసుకొచ్చే గుర్రం: 1200 దాటించవచ్చా, దూకించవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మలక్‌పేటలో పరుగెత్తే ఐదేళ్ల గెల్డింగ్‌లో (వృషణాలు తీసేసిన మగ గుర్రం) మీ అన్నదమ్ములకు వాటా ఉంది. 1200 మీటర్లలో తొమ్మిదిసార్లు దిగినా గెలుపు లేదు, నాలుగో స్థానం మూడుసార్లు వచ్చింది. ప్రతిసారీ ఆఖర్లో బాగా వస్తోంది, అందరూ దాన్ని తక్కువ అంచనా వేశారని మీ అభిప్రాయం. దూరం పెంచాలా, హర్డిల్స్‌కు (అడ్డంకుల మీంచి దూకే రేసులకు) పనికొస్తుందా, రిటైరయ్యాక పాలకొల్లు దగ్గర మీ తోటలో ఉంచుకోవచ్చా?

దాన్ని తక్కువ అంచనా వేశారనే నాకూ అనిపిస్తోందండి. కానీ ‘ఆఖర్లో బాగా వస్తోంది’ అన్న ఒక్క మాట పట్టుకుని దూరం పెంచకండి. 1200 రేసులో ముందు ఉరికినవి చివరి 200లో డీలా పడతాయి. వాటిని ఇంకో అలసిన గుర్రం దాటినా స్టాండ్‌లోంచి చూసేవాళ్లకు దూసుకొస్తున్నట్టే ఉంటుంది. దాని వేగం నిలబడుతోందా, పక్కవాటి వేగం పడిపోతోందా అన్నది ముందు తేలాలి.

అందుకు రేసు వీడియో, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. గెలిచిన గుర్రం 400 స్తంభం (ముగింపుకు ఇంకా 400 మీటర్లుందని చెప్పే గుర్తు) దగ్గరికి 47 సెకన్లలో వచ్చి, మొత్తం రేసు 1 నిమిషం 12 సెకన్లలో ముగించిందనుకోండి. అంటే చివరి 400కు 25 సెకన్లు. మీది ఆ స్తంభం దగ్గర 10 లెంగ్తుల (ఒక లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు) వెనక ఉండి, ముగింపులో 4 లెంగ్తుల వెనక ఉంది. సెకనుకు సుమారు 6 లెంగ్తుల లెక్కన మీ గుర్రం మొదటి 800కు 48.7, చివరి 400కు 24 సెకన్లు తీసుకుంది. గేటులో నిలబడి బయల్దేరే మొదటి 200కు రెండింటికీ 13.5 సెకన్ల చొప్పున వేసి పక్కన పెట్టండి. ఆ తర్వాతి 600లో గెలిచినది ప్రతి 200ను 11.2లో, మీది 11.7లో పరుగెత్తాయి. చివరి 400లో గెలిచినది 12.5కు జారింది, మీది 12 దగ్గరే ఆగింది. ఒకటి 1.3 సెకన్లు కోల్పోయింది, మరొకటి 0.3 మాత్రమే. ఇలాంటి లెక్క మూడు రేసుల్లో వస్తే ఆ గుర్రానికి 1200 చాలడం లేదని ధైర్యంగా చెప్పవచ్చు. అలాకాక మీది కూడా 12.8, 13కి జారుతూనే మిగతావాటిని దాటుతుంటే 1600లో దానికీ అదే గతి పడుతుంది.

ఈ లెక్క సరిపోయినా ముందు 1400లోనే దింపండి. ఒకేసారి 1800 అంటే నష్టం ఏమిటంటే, 1200కు అలవాటు పడ్డ గుర్రం గేటు తెరవగానే ఉరకాలనే అనుకుంటుంది. జాకీ కళ్లెం పట్టి ఆపుతుంటే అది మెడ ఎత్తి నోరు తెరిచి లాగుతుంది. ఆ పెనుగులాటలోనే సగం శక్తి పోతుంది. దూరం ఓర్చుకోగల గుర్రం కూడా కుదురుగా పరుగెత్తకపోతే ఓర్చుకోలేనిదానిలాగే కనిపిస్తుంది. కాబట్టి రేసుకు ముందు మూడు నాలుగు వారాలు పొద్దున్నే ఇసుక ట్రాక్ మీద రెండు గుర్రాల వెనక, మొహాన ఇసుక పడుతుండగా, 1000 నుంచి 1200 మీటర్లు నిదానంగా పరుగెత్తించమని ట్రైనర్‌ను అడగండి. వెనక ఉన్నప్పుడు చెవులు వదులుగా ఆడిస్తూ మెడ దించి సాగితే 1400 తర్వాత 1600 కూడా చూడవచ్చు. దిగిన ప్రతిసారీ జాకీని గెలుపోటముల సంగతి అడగడంకన్నా, ‘400 దగ్గర అడిగితే వెంటనే కదిలిందా, 200 దగ్గర ఇంకా మిగిలుందా’ అని అడగండి. 1400లో ఒక్క రేసు చూసి తీర్పు చెప్పొద్దు. మూడైనా చూడాలి.

వంశం కూడా చూడాలి, కానీ తండ్రి పేరొక్కటే చూసి సరిపెట్టుకోకండి. తల్లికి తండ్రైన గుర్రం ఏ దూరంలో గెలిచిందో, తల్లి పిల్లల్లో మిగతావి ఎంత దూరం గెలిచాయో చూడండి. కండ పెరుగుదలను అదుపు చేసే మయోస్టాటిన్ జన్యువుకు, పందెం దూరానికి సంబంధం ఉందని డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీ శాస్త్రవేత్తలు 2010లో చూపించారు. ఆ జన్యువు సీ (C), టీ (T) అని రెండు రకాలు; రెండు సీలు ఉన్నవి పొట్టి దూరాలకు, రెండు టీలు ఉన్నవి పొడుగు దూరాలకు, ఒక్కొక్కటి ఉన్నవి మధ్య దూరాలకు మొగ్గుతాయి. అది మొగ్గు మాత్రమే. స్టాప్‌వాచ్ ఒకటి చెప్పి జన్యువు వేరొకటి చెబితే నేను స్టాప్‌వాచ్‌నే నమ్ముతాను.

దూరం పెంచేముందు ఊపిరి సంగతి తేల్చుకోండి. చివరి 200లో ఉన్నట్టుండి ఆగిపోతూ, పరుగులో లోపలికి పీల్చే ఊపిరికి ఈలలాంటి శబ్దం వస్తుంటే గొంతులో ఎడమవైపు కండరం బలహీనపడి ఊపిరి దారి సరిగా తెరుచుకోవడం లేదేమో ఎండోస్కోపీ చేయించండి. అలాంటి గుర్రానికి దూరం పెంచితే హింసే. ముక్కులోంచి రక్తం వచ్చిన చరిత్ర ఉన్నా అంతే.

ఇక హర్డిల్స్. మన దేశంలో టర్ఫ్ క్లబ్బులు ఇప్పుడు నడిపేవి ఫ్లాట్ రేసులే, అడ్డంకుల మీద దూకే రేసులు లేవు. అవి చూడాలంటే బ్రిటన్, ఐర్లాండ్, ఫ్రాన్స్ లాంటి దేశాల వైపు చూడాలి. బ్రిటన్‌లో హర్డిల్ ఎత్తు కనీసం మూడున్నర అడుగులు, రేసు దూరం కనీసం సుమారు 3200 మీటర్లు, అందులో కనీసం ఎనిమిది హర్డిల్స్. ఫ్లాట్‌లో పెద్ద పేరు రాని గుర్రాలకు అక్కడ రెండో జీవితం దొరకడం నిజమే. సీ పిజన్ అనే గుర్రం 1973 ఎప్సమ్ డెర్బీలో (ఇంగ్లండ్‌లో పేరున్న ఫ్లాట్ రేసు) ఏడోది, తర్వాత 1980, 1981లో అక్కడి పెద్ద హర్డిల్ రేసైన ఛాంపియన్ హర్డిల్ గెలిచింది. ఇస్టాబ్రాక్ అనే గుర్రం ఆ ఛాంపియన్ హర్డిల్‌నే 1998 నుంచి 2000 వరకు వరసగా మూడుసార్లు గెలిచింది. కానీ ఆ రెండూ దూరం ఓర్చుకునే రక్తం. మీది 1600 దాటి నిలబడుతుందో లేదో తెలియనిదే ఆ పోలిక తేకండి. ఎత్తుకు ఎగరడం హర్డిల్ గుర్రం గొప్ప కాదు. వేగం తగ్గకుండా తక్కువ ఎత్తులో దాటి, దిగిన మరుక్షణం పరుగందుకోవడమే అక్కడి పని.

ఇంటి దగ్గర 80 సెంటీమీటర్లు, మీటరు ఎత్తు షో జంపింగ్‌కు (మైదానంలో పెట్టిన బాదుల మీంచి దూకించే పోటీకి) పనికొస్తుందా అన్నది మాత్రం మీరే తేల్చుకోవచ్చు. రేసులు మానిపించాక కనీసం రెండు మూడు నెలలు ఊరికే మేపి, దాణా తగ్గించి, ఆ తర్వాతే మొదలుపెట్టండి. 3 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల లావు ఉన్న సరుగుడు బాదులు తెచ్చుకోండి. వెదురు వద్దు, తేలికగా దొర్లిపోతుంటే గుర్రం దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. పైగా చీలి కాలికి గుచ్చుకుంటుంది. నాలుగు బాదులు నేలమీద 1.3 మీటర్ల ఎడంతో పరిచి దుడుకు నడకలో (నడకకూ దౌడుకూ మధ్య వేగం, ట్రాట్) దాటించండి. తడబడకుండా సాగితే ఆఖరి బాదుకు 2.7 మీటర్ల అవతల 40 సెంటీమీటర్ల ఎత్తులో రెండు బాదులు ఎక్స్‌లా పెట్టండి. బాదును దేనికీ కట్టకండి, తగిలితే పడిపోవాలి. తర్వాత ఎత్తు 60 సెంటీమీటర్లు చేయండి. దానికి 6.5 నుంచి 7 మీటర్ల అవతల రెండోది. మొదట మనిషి ఎక్కకుండానే, రెండువైపులా తాళ్లు కట్టిన దారిలో వదలండి. ఎగిరేటప్పుడు ముందు మోకాళ్లు రెండూ సమానంగా గుండె వైపు ముడుచుకోవాలి. కాళ్లు వేలాడదీస్తే ఆ బాదు తగిలి బోర్లా పడే ప్రమాదం ఉంది, దానికి ఎత్తు పెంచొద్దు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి పదిహేను దూకులు చాలు. మర్నాడు పొద్దున ముందుకాలి వెనక టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నరంలాంటి పట్టీ) మీద అరచెయ్యి పెట్టి చూడండి. రెండు కాళ్లకూ వేడిలో తేడా ఉంటే ఆపేయండి.

నేల విషయంలో మన డెల్టా దీనికి అంత అనువు కాదు. నల్లమట్టి వానకు పట్టేస్తుంది, ఎండకు రాయవుతుంది. గట్టి నేలమీద 7, 8 సెంటీమీటర్ల గోదావరి ఇసుక పరిస్తే చాలు. అంతకన్నా లోతైతే టెండన్‌కే దెబ్బ. తడిలో నిలబడితే గిట్టల అడుగున నల్లగా కుళ్లి కంపు కొడుతుంది. రోజూ గీరి శుభ్రం చేసి, మెరక మీద పొడి పాక వేయండి. జోరీగలు కుడితే సర్రా రోగం వస్తుంది. జ్వరం వచ్చి పోతూ కాళ్లు వాస్తుంటే వెంటనే రక్తం పరీక్ష చేయించండి.

మేతలోనే మనవాళ్లు ఎక్కువగా పొరబడేది. గేదెకు పెట్టినట్టు తవుడు, నేపియర్ పెడితే గుర్రం ఎముకలు గుల్లబారి మొహం ఉబ్బుతుంది. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. నేపియర్, పారా గడ్డిలో ఉండే ఆక్సలేటు ఉన్న కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వదు. గట్లమీద గరిక ఉంటే అంతకన్నా మంచి మేత లేదు. తవుడు తప్పదంటే కిలోకు 50, 60 గ్రాముల దాణా రకం సున్నపురాయి పొడి కలపండి. వరిగడ్డి ఒక్కటే పెడితే పేగులో గట్టిపడి కడుపునొప్పి వస్తుంది. గింజ పట్టిన జనుము గుర్రానికి విషం. కోళ్ల దాణా బస్తా పాక దరిదాపుల్లో ఉండనివ్వకండి. అందులో కలిపే మోనెన్సిన్ కోడికి మందు, గుర్రానికి మాత్రం కొద్దిగా తిన్నా గుండె కండరం పాడై ప్రాణం పోతుంది.