గిటార్ అమ్మబోతున్న మేనకోడలికి

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నా, నీ కోడలు గిటార్ అమ్ముతదట, కొంచెం చెప్పరాదు" అన్నది. ఏం చెప్పాలో ఆమెకూ తెలీదు. నాకు మాత్రం గుండె ఝల్లుమన్నది, ఉద్యోగంలో పడి వాయించడమే మానేస్తున్నావేమో అని. నాలుగు మాటల తర్వాత గానీ అసలు సంగతి బయటపెట్టలేదు మహాతల్లి: ఆ యమహా పసిఫికా అమ్మి, నీ జీతంలో దాచుకున్నది కలిపి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ కొంటావట. అప్పుడు పొంగిపోయిన. మేం ఆర్కెస్ట్రాల్లో వాయించే రోజుల్లో ఫారిన్ గిటార్ కళ్లతో చూడాలంటే దుబాయి నుంచో మస్కట్ నుంచో ఎవరి బామ్మర్దో దిగాలి. నువ్వు సొంత సంపాదనతో కొనుక్కుంటున్నావు. అయినా భయం భయమే, అందుకే రాస్తున్నా. వాయిస్ మెసేజ్ పెడితే నువ్వు సగం విని ఆపేస్తావని నాకు తెలుసు.

తీగలు కొత్తవి వెయ్యి. మెడ మీది లోహపు అడ్డగీతల, అదే ఫ్రెట్ల, మధ్య మురికి తుడువు. పగటి వెలుతురులో ఫోటోలు తీయి: ముందు, వెనక, హెడ్‌స్టాక్, సీరియల్ నంబర్. బిల్లు, అలెన్ కీ, ట్రెమోలో రాడ్ అన్నీ ఒక్క సంచిలో పెట్టు. నాబ్‌లు తిప్పితే గరగరమంటుంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టు. కేబుల్ గుచ్చే జాక్ నట్టు వదులైతే బిగించు, కానీ జాక్ మొత్తం తిరుగుతుంటే లోపల వైరు తెగుతుంది, చూసుకో. ఇవి నీకు తెలిసినవే.

ధర దగ్గర నువ్వు మెత్తబడతావు. కొన్న రోజు ఎంత పెట్టావన్నది మర్చిపో. అదే మోడల్ ఇవాళ షాపులో ఎంతకు దొరుకుతుందో చూసి, అందులో మూడో వంతు తీసేసి అక్కడ మొదలుపెట్టు. ఎంతకు దిగొచ్చో ముందే కాగితం మీద రాసుకో. ఎదురుగా ఒక పిల్లగాడు ఆశగా చూస్తుంటే నీ నోటికి లెక్కలు రావు.

ఇంతకీ కొనేదెవరు? మన దగ్గర ఎలక్ట్రిక్ గిటార్ కొనేవాళ్లు మూడు రకాలు. చర్చిలో వాయించేవాళ్లు, వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడు చోట్లా ఉన్నారు. నిట్, కాకతీయ యూనివర్సిటీ పిల్లలు. ఇక పెళ్లిళ్లకూ గణపతి నవరాత్రులకూ తిరిగే మా ఆర్కెస్ట్రా బాపతు. ముగ్గురూ మూడు తీర్ల చూస్తారు. చర్చి పిల్లగాడు పాటకూ పాటకూ మధ్య గిటార్ నిశ్శబ్దంగా ఉంటుందా అని వింటాడు. కాలేజీ పిల్లగాడు వచ్చీ రాగానే గరగరలాడే డిస్టార్షన్ పెట్టి, బ్రిడ్జి దగ్గర తీగల కదలికను పట్టే రెండు కాయిళ్ల పికప్, ఆ హంబకర్ మీదే అరగంట కూర్చుంటాడు. వాణ్ణి ఆపి, టోన్ నాబ్ పైకి లాగితే అదే హంబకర్ సింగిల్ కాయిల్‌గా మారుతుందని చూపించు. ఆ మోడల్ వాడేవాళ్లలోనే చాలామందికి ఆ సంగతి తెలీదు. ఆర్కెస్ట్రా వాడు ముందు స్విచ్చు, జాక్ కదిపి చూస్తాడు, ఎందుకంటే స్టేజి మీద వాడి పరువు తీసేవి ఆ రెండే.

ట్రయల్ ఎక్కడ ఇస్తావన్నది నువ్వు అనుకున్నదానికంటే ముఖ్యం. సింగిల్ కాయిల్ పికప్ చుట్టూ ఉన్న కరెంటు మోతనంతా పట్టుకుంటుంది. మన ఇళ్లలో చాలా ప్లగ్గులకు మూడో రంధ్రం పేరుకే, వెనక ఎర్తింగ్ ఉండదు. దానికి తోడు కరెంటు పోయి ఇన్వర్టర్ మీద గిటార్ మోత పెంచే ఆంప్ నడుస్తుంటే, పక్కన ఫ్యాన్ రెగ్యులేటర్ ఉంటే, నీ గిటార్ గుయ్యిమని మోగుతుంది. తప్పు ఇంటిది, నింద గిటార్‌ది. కొనేవాడు "వైరింగ్ పోయింది" అని రెండు వేలు కోస్తాడు. నా ఇంటి ముందు గదిలో ఎర్తింగ్ నేనే దగ్గరుండి వేయించిన. మండపాల్లో తీగల మీద చెయ్యి ఉండగా మైకుకు మూతి తగిలి షాక్ కొట్టిన రోజుల నుంచీ నాకు ఆ పట్టింపు. అందరినీ హనుమకొండకు, మా ఇంటికే రమ్మను. నువ్వొక్కదానివే తెలియని వాళ్లను హాస్టల్ గేటు దగ్గర కలుస్తానంటే ఒప్పుకునేది లేదు.

ఇప్పుడు అసలు విషయం. మీ అమ్మ ఇంకో మాట చెప్పింది: గిటార్ అంచున ఉన్న ఆ సొట్ట పూడ్పించి, రంగు వేయించి, కొత్తదానిలా చేసి అమ్ముతానన్నావట. నాకు నిద్ర పట్టనిది అందుకే.

నా దోస్తు ఒకడుండేవాడు, మా ఆర్కెస్ట్రాలో రిథమ్ గిటార్. వాళ్ల బావ గల్ఫ్ నుంచి తెచ్చిన జపాన్ ఫెండర్ వాడి దగ్గర ఉండేది. సన్‌బర్స్ట్ రంగు, మధ్యలో తేనెరంగు నుంచి అంచులకు నలుపు. మెడ వెనక నాలుగు స్క్రూల ఇనుప ప్లేటు, దాని మీద జేవీ అని మొదలయ్యే నంబరు. ఫెండర్ జపాన్‌లో తయారీ మొదలుపెట్టిన కొత్తలో, 1982 నుంచి 84 దాకా వేసిన నంబర్లవి. పాత గిటార్లు సేకరించేవాళ్లు ఇవాళ్టికీ వాటికోసం వెతుకుతుంటారు. మాకు అప్పుడు అదంతా ఏం తెలుసు? ప్లేటుకు తుప్పు పట్టింది, బెల్టు బకిల్ రాసుకుని వెనక రంగు లేచింది, చెయ్యి ఆనే చోట కట్టె బయటపడింది, అంతవరకే మా చూపు.

బిడ్డ పెళ్లికి డబ్బులు అవసరమై వాడు దాన్ని అమ్మాలనుకున్నాడు. సికింద్రాబాద్ నుంచి ఒకాయన వస్తానన్నాడు. అంత దూరం నుంచి వచ్చే మనిషికి పాతది చూపిస్తే ఏం బాగుంటుందని మనవాడు దాన్ని కార్ల డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుకు తీసుకుపోయాడు. గీకించాడు, పుట్టీ పెట్టించాడు, నల్లగా మెరిసేలా స్ప్రే కొట్టించాడు. పసుపుబారిన నాబ్‌లు పారేసి తెల్లవి పెట్టాడు. ఫ్రెట్‌బోర్డుకు వార్నిష్ పూశాడు. తుప్పు పట్టిన ప్లేటు తీసేసి తళతళలాడే కొత్త ప్లేటు బిగించాడు. పాత ప్లేటు ఆ షెడ్డులోనే ఎక్కడో పోయింది. నంబరు దాంతోపాటే పోయింది.

ఆ మనిషి పొద్దున బండికి కాజీపేటలో దిగాడు. నేనే స్టేషన్ నుంచి తీసుకొచ్చిన. గిటార్ చేతిలోకి తీసుకుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత స్క్రూడ్రైవర్ అడిగాడు. ముందువైపు ప్లాస్టిక్ పలక, ఆ పిక్‌గార్డ్, విప్పితే దాని కింద, స్ప్రే అందని చోట, ఆ తేనెరంగు అంచు అట్లనే ఉంది. మెడ విప్పితే బాడీలో మెడ కూర్చునే గుంటలో రంగు గడ్డకట్టి ఉంది. అందుకే మెడ సరిగ్గా కూర్చోక పైఫ్రెట్లన్నీ బజ్ కొడుతున్నయి. ఆయన కోప్పడలేదు. అన్నీ జాగ్రత్తగా బిగించి ఇచ్చి, "రంగు వేయకుండా ఉంటే మీరడిగినంత ఇచ్చి తీసుకుపోయేవాణ్ణి" అన్నాడు. మా దోస్తు, "మంచిగ చేయించిన కద సార్" అన్నాడు. ఆయన దగ్గర దానికి జవాబు లేదు. మా వదిన పెట్టిన ఉప్మా తిని మధ్యాహ్నం బండికి వెళ్లిపోయాడు.

పాత గిటార్‌కు అసలు రంగు పోతే విలువ సగానికి సగం పడుతుందని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు అంటారు. వీడికి నంబరు కూడా లేదు. చివరికి ఒక బ్యాండు వాళ్లు కొన్నారు. స్ప్రే ఖర్చు పోను చేతిలో మిగిలింది చెప్పుకునేంత లేదు. పెళ్లి ఆగలేదులే, చిట్టీ ఎత్తి చేశాడు. కానీ ఆ తర్వాత ఎవరి గిటార్ చూసినా ముందు వెనక్కి తిప్పి ప్లేటు చూసేవాడు.

నీ పసిఫికా అంత పాతది కాదు, అంత అరుదైనదీ కాదు, నిజమే. కానీ సంగతి అదే. నువ్వు అమ్మేది గిటార్ పిచ్చి ఉన్నవాళ్లకు. వాళ్లు అంగట్లో ఎడ్ల పళ్లు పట్టి చూసే రైతుల్లాంటివాళ్లు, నువ్వు ఏది దాస్తే చెయ్యి అక్కడికే పోతుంది. కొత్త రంగు కనబడితే కింద పగులుందని అనుకుంటారు. అదే సొట్టను మొదటి ఫోటోలోనే పెట్టి, "మండపంలో కేబుల్ తట్టుకుని పడ్డది, నెక్‌కు ఏం కాలేదు" అని రాస్తే బేరం అక్కడితో ఆగుతుంది. ఆ రోజు నువ్వు పడ్డప్పుడు మోకాలు చీరుకుపోయి రక్తం కారుతుంటే, నువ్వేమో గిటార్ పట్టుకుని ఏడ్చినవు. మీ అమ్మ నన్ను తిట్టింది, ఆడపిల్లకు ఇదంతా నేర్పింది నేనేనని. ఆ సొట్ట పూడ్పిస్తే చెవి మెలేస్తా.

ఎండల సంగతి కూడా చెప్పాలి. మే నెలలో మన దగ్గర కట్టె ఎండిపోతుంది, వానలు పడగానే తేమ పీల్చుకుంటుంది, నెక్ అటూ ఇటూ కదులుతుంది. అమ్మేముందు చూసుకో. ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, మళ్లీ చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద సందు చూడు. పావు మిల్లీమీటరు ఉంటే చాలు. ఎక్కువుంటే మెడ లోపలి ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, కొంచెం బిగించు, ఒక్కసారికి పావు చుట్టు మించొద్దు. గిటార్‌ను ఎండలో కారులో వదిలిపెట్టి టీ తాగడానికి పోవద్దు.

డబ్బులు వచ్చేదాకా గిటార్ గది దాటొద్దు. "రెండ్రోజులు వాయించి చూస్తా" అనేవాడికి ఇంకో రెండు గంటలు ఇవ్వు, ఇక్కడే కూర్చుని వాయించుకోనీ. ఫోన్‌పే, గూగుల్‌పే ఏదైనా సరే, డబ్బులు తీసుకోవడానికి నువ్వు పిన్ కొట్టాల్సిన పని లేదు, క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పనీ లేదు. చేయమన్నాడంటే వాడు దొంగ. వాడి స్క్రీన్ మీద టిక్కు చూసి మురిసిపోకు, నీ బ్యాంకు ఖాతాలో పడిందా చూడు. తెలియక పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చెయ్యి, నాకు తర్వాత. కాగితం మీద రశీదు రాసి సీరియల్ నంబర్ వేసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. అది నీకూ మంచిదే, కొనేవాడికీ మంచిదే.

దూరం వాళ్లు పార్సిల్ చేయమంటే నా సలహా వద్దనే. గిబ్సన్ లెస్ పాల్ లాంటి వాటికి హెడ్‌స్టాక్ వెనక్కి వంగి ఉంటుంది, కిందపడితే సరిగ్గా అక్కడే విరుగుతుంది. నీది చదునుగా ఉంటుంది కాబట్టి కాస్త నయం. తప్పదంటే తీగలు వదులు చేసి, హెడ్‌స్టాక్ కిందా మెడ కిందా బట్ట కుక్కి, గట్టి కేసులో పెట్టి, ఆ కేసు ఇంకో అట్టపెట్టెలో కదలకుండా పెట్టు. పదుల సెట్టు, అంటే సన్న తీగ 0.010 అంగుళాల మందం ఉండేది, బిగించి ఉంటే నెక్ మీద నలభై కిలోల పైమాటే లాగుతుంటుంది, గుర్తుపెట్టుకో.

ఇద్దరు ఒకే ధర దగ్గరికి వస్తే, వాయించేవాడికి ఇవ్వు. గోడకు తగిలించుకునేవాడు ఐదొందలు ఎక్కువ ఇస్తానన్నా సరే. ఇది నా పిచ్చి, నీకు నచ్చకపోతే వదిలెయ్.

శనివారం రా. ఆ పాత ఆంప్‌కు ఫ్యూజ్ మార్చి పెడతా. కేబుల్ నీదే తెచ్చుకో, నాది నమ్మేటట్టు లేదు. బేరం తెగేదాకా కాగితం మీద రాసుకున్న అంకె మీ అమ్మకు మాత్రం చెప్పకు. ఎవరో పేద పిల్లగాడు వచ్చిండని ఆమే ఇంకో రెండు వేలు తగ్గించి, పైగా అన్నం పెట్టి పంపిస్తది.

మీ పెద్ద మామ
హనుమకొండ