తెల్లవారే దాకా ఆగవద్దు

పలాసలో జీడిపిక్కలు కాల్చే పొగ తగిలిన రాత్రి మీ అమ్మగారికి ఆస్తమా ఆయాసం ఎక్కువైందని, నీలం ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చినా తగ్గలేదని, అయినా తెల్లవారాక చూద్దామని ఆమె అన్నారని రాశారు. ఆ మాట వినవద్దు. రాజాంలో ఒక చలికాలపు రాత్రి నేనూ, ఇంట్లోవారి నిద్ర చెడగొట్టడం ఎందుకని, అలాగే ఆగాను. వేకువకు ఒక వాక్యం పూర్తి చేయలేని స్థితికి వచ్చాను, ఆక్సిజన్ పెట్టాకే మాట పెగిలింది.

మళ్లీ అలా జరిగితే ఆమెను పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, స్పేసర్‌తో, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంలాంటి డబ్బాతో, ఆ నీలం ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్‌ను ఒక్కొక్క పఫ్ చొప్పున, అర నిమిషం నుంచి నిమిషం వ్యవధితో, పది వరకు ఇవ్వండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. మాటలు తెగిపోతున్నా, పెదవులు నీలిరంగుకు మారినా, మగత కమ్మినా పది పఫ్‌లు పూర్తయ్యే దాకా ఎదురుచూడకుండా వెంటనే ఫోన్ చేయండి. పిల్లికూతలు ఆగిపోయి కూడా ఊపిరి కష్టంగానే ఉంటే అది ఉపశమనం కాదు. గాలి దాదాపుగా ఆడడం లేదని అర్థం, ఇక్కడే చాలామంది పొరబడతారు.

నీలం ఇన్‌హేలర్ బిగుసుకున్న శ్వాసనాళాల కండరాలను వదులు చేస్తుందే కాని లోపలి వాపును తగ్గించదు. అందువల్ల తేరుకున్నా అదే రోజు వైద్యునికి చూపించి, రోజూ వాడవలసిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ గురించి అడగండి. ఆ పొగ వచ్చే వైపు కిటికీలు మూసి ఉంచండి.